510511లో మిగిలే ఒకటి

12 ఆగస్టు 2003, చింతపల్లి. వాన.

ఇవాళ ఎనిమిదో తరగతి బోర్డు మీద 510511 వేశాను. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు... వీటిలో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. పిల్లలంతా ప్రధాన సంఖ్యే అన్నారు. హాస్టల్లో ఉండి చదువుకునే సుక్రి మాత్రం బెదిరిపోయింది.

"ఒకటి మిగలకూడదు టీచర్. మా ఊర్లో పండక్కి మాంసం ఇంటింటికీ పంచినప్పుడు ఓ వాటా మిగిలిపోతే, ఏదో ఇల్లు మూతపడతాదంతారు."

నాకు నవ్వొచ్చింది. "పంతొమ్మిదితో భాగించు, ఏమీ మిగలదు. అది సంయుక్త సంఖ్యే" అన్నాను.

నోటుపుస్తకంలో చేసింది. శేషం సున్నా వచ్చింది. అయినా దాని ముఖం తేటపడలేదు.

"మాయి ఇరవై ఇళ్ళు టీచర్. అయితే పంతొమ్మిది అవ్వాలంటే ఒకటి పోవాలా?"

వాళ్ళ ఊళ్ళో జ్వరాలని అప్పుడు గుర్తొచ్చింది. తొంభై ఏడుతో భాగించినా ఏమీ మిగలదు. అదైనా చెప్పాల్సింది. నోటికి పంతొమ్మిదే ఎందుకొచ్చిందో...

రాత్రి అది అన్నం ముట్టలేదట.

ఇప్పుడే ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చిన జీపు మా హాస్టల్ గేటు ముందు ఆగింది. ఎవరో దిగి వాచ్‌మన్‌తో మాట్లాడుతున్నారు. వానలో సరిగా వినబడటం లేదు. సుక్రి పేరొక్కటే వినబడుతోంది.