గురువారం ఉత్తరంలో మాల్వినా

కివిక్,
నవంబరు 3, సోమవారం.

చిరంజీవి తోర్కెల్‌కు,

అక్క దీవెనలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, కుక్క బాగానే ఉంది, చెట్లు కూడా చాలామటుకు బాగానే ఉన్నాయి. నువ్వు ఆ కిరూనా చలికి ముక్కు ఊడిపోకుండా క్షేమంగా బస్సు నడుపుకుంటున్నావని తలుస్తాను. బాగున్నానని రాశానే గానీ మూడు వారాలుగా నా మనసు మనసులో లేదు. ఎందుకో చెప్తాను. ముందు నీ కార్డుకు జవాబు రాయనీ.

నా అరవయ్యో పుట్టినరోజుకు నువ్వు పంపిన కార్డు అందింది. రెండున్నరేళ్ళ తర్వాత నీ చేతిరాత చూశాను. మూడే ప్రశ్నలు, కింద నీ పేరు. నా మోకాలు మెట్లెక్కేటప్పుడు తప్ప నొప్పి లేదు. ఉత్తర దిక్కు గోడ పక్కన నాన్న అంటుకట్టిన ఆపిల్ చెట్టు తెగులు తట్టుకుని నిలబడింది, ఈ ఏడు రెండు బుట్టల కాయలిచ్చింది. మాల్వినా కాలు కూడా నయమైంది, కుంటడం మానేసి రెక్కలు విదిలిస్తూ మళ్ళీ పోస్టుమాన్‌ని తరుముతోంది. మూడింటికీ జవాబులయ్యాయి. నువ్వు అడగనివాటికే ఈ ఉత్తరం.

మన నర్సరీ పేరుతో ఈమెయిల్‌లో వార్తాలేఖ పంపే పని నువ్వే మొదలుపెట్టావు. నువ్వు వెళ్ళిపోయాక అది నా మెడకు పడింది. అప్పట్లో నువ్వు చెప్పేవాడివి గుర్తుందా: "అక్కా, ఉత్తరం అంటే సంత కాదు. ఒక ఉత్తరానికి ఒకటే కబురు. ఫోనులో పైన కనబడే రెండు వరసల్లోనే మనిషి పట్టుబడాలి. బటన్ ఒకటే పెట్టు. నాలుగువేల మందికి రాస్తున్నాననుకోకు, ఒక్క మనిషికి రాయి." నేను నవ్వేదాన్ని. "ఒక్క మనిషి ఎన్ని చెట్లు కొంటాడ్రా" అనేదాన్ని.

నువ్వు వెళ్ళాక నేను పంపిన మొదటి వార్తాలేఖలో పదకొండు తగ్గింపు ధరలు, పద్నాలుగు ఫోటోలు, మూడు రంగుల అక్షరాలు పెట్టాను. ఎంత ముచ్చటపడ్డానో. పక్క వీధి బిర్గిత్ మర్నాడే వచ్చి, "గున్వోర్, నీ ఉత్తరం తెరిస్తే కళ్ళు తిరిగాయి. రేగు చెట్టు కొందామనుకున్నదాన్ని, ఫోను బోర్లించి పడుకున్నాను" అంది. ఆ నెల నాలుగువేల మందిలో ఆరువందల మంది కూడా తెరవలేదు. అప్పుడు నాకు బుద్ధొచ్చింది. నువ్వు చెప్పినట్టే ఒక్క మనిషికి రాయడం మొదలుపెట్టాను.

ఆ ఒక్క మనిషివి నువ్వేరా. ఇంకెవరున్నారు నాకు రాయడానికి. ఫోను చేస్తే ఎత్తవు, మామూలు ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. అందుకని పొగమంచులో కొమ్మలు కత్తిరించడం, కోతలనాటి వాన, గోడ పక్క చెట్టుకు పట్టిన తెగులు, నా మోకాలు, పెద్దబాతు మాల్వినా ఆగడాలు అన్నీ నీకు చెప్తున్నట్టే రాసి, చివర ఒక్క మొక్క పేరు, ఒక్క బటన్ పెట్టాను. నీకు ఎరుపు గిట్టదని ఎర్ర అక్షరాలు తీసేశాను. బస్సు ఎక్కేముందు రెండు నిమిషాల్లో చదివేలా పొట్టిగా చేశాను. ఆశ్చర్యం ఏమిటంటే నీకని రాసింది అందరికీ నచ్చింది. జనం దాన్ని గురువారం ఉత్తరం అని పిలుస్తున్నారు. పోయిన ఏడు మార్టెన్ పండక్కి ముందు, ఊరంతా పెద్దబాతు కూరకు, దాని నెత్తుటితో కాచే నల్ల సూపుకు సిద్ధమవుతుంటే, "ఈ ఏడు మాల్వినా బతుకుతుందా?" అని పై వరసలో పెట్టాను. అంతమంది ఎప్పుడూ తెరవలేదు. బిర్గిత్ కొట్టుకొచ్చి, "దాన్ని గాని కోశావో, నీ మొహం చూడను" అని బెదిరించి మూడు చెట్లు కొనుక్కుని పోయింది.

ఎవరు ఎప్పుడు తెరిచారో కంప్యూటర్‌లో కనబడుతుందని నీకు తెలుసు. ఉత్తరం గురువారం పొద్దున ఆరింటికి వెళ్తుంది. నీ పేరు పక్కన ప్రతి వారం 6:04 అని ఉండేది. ఒక్క వారం తప్పలేదు. మొదటి బస్సు తియ్యబోయే ముందు, చేతిలో కాఫీ పట్టుకుని, నేను రాసింది చదువుతున్నావనుకునేదాన్ని. ఆ 6:04 చూశాకే నేనూ కాఫీ తాగేదాన్ని. మాట్లాడకపోతేనేం, వింటున్నాడు కదా అని రెండేళ్ళు దాన్ని పట్టుకునే బతికాను.

మూడు వారాల కిందట తోటల సంఘం వాళ్ళు ఇంగెలా అనే ఆవిడను పంపారు. మాల్మో మనిషి, ఇలాంటి వార్తాలేఖలు చక్కదిద్దడమే ఆవిడ పని. ఆపిల్ కేకు రెండు ముక్కలు తిని, జాబితా అంతా చూసి పెదవి విరిచింది.

"బాగా రాస్తున్నారు గున్వోర్. కానీ జాబితా చెత్తగా ఉంది. చదవనివాళ్ళను మోస్తున్నారు."

"చదవకపోవడమేంటి, అందరూ తెరుస్తున్నారుగా" అన్నాను. ఏదో ఒకటి చూపించాలని నీ పేరు మీద వేలు పెట్టాను. "ఇదిగో, ఇతను చూడండి. ప్రతి వారం 6:04కు."

ఆవిడ నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, జాలిపడ్డ నవ్వు. "ప్రతి వారం ఒకే నిమిషానికి తెరిచేది మనిషి కాదండి. ఉత్తరం రాగానే ఆ మెయిల్ కంపెనీ మెషినే లోపలి బొమ్మలు ముందుగా దించి పెట్టేస్తుంది. మనకు మాత్రం తెరిచినట్టే కనబడుతుంది. అతను చూశాడో లేదో దేవుడికే తెలియాలి."

కేకు పళ్ళెం తీసే నెపంతో వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. అంటే ఈ రెండేళ్ళూ నేను ఎవరితో మాట్లాడినట్టు? నాన్న లేని మొదటి కోత గురించి ఎవరికి రాసినట్టు? నా గోడు వింటున్నాడనుకున్న తమ్ముడు కాస్తా ఎక్కడో ఉన్న ఇనప పెట్టె అయ్యాడు.

ఆవిడ అంతటితో వదల్లేదు. జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరికీ, "ఇంకా పంపమంటారా?" అని ఒకే బటన్‌తో ఉత్తరం వెయ్యాలంది. మార్టెన్ పండగ నాటికి, అంటే వచ్చే సోమవారానికి, నొక్కనివాళ్ళ పేర్లు కొట్టేయాలి. మెషిన్ తెరవగలదు గానీ ఈ బటన్ నొక్కి, తర్వాత వచ్చే పేజీలో పేరు రాయలేదు, కాబట్టి నొక్కినవాళ్ళే నిజంగా చదివేవాళ్ళు అంది. సరే అని వేశాను. ఇవాళ్టికి రెండువేల మంది నొక్కారు. కట్టెల అడితి ముసలాయన నొక్కాడు, ఆయనకు చూపే సరిగ్గా ఆనదు. నీ పేరు పక్కన ఖాళీ. రోజుకు పదిసార్లు చూస్తున్నాను. కాలు కాలిన పిల్లిలా కంప్యూటర్ చుట్టూ తిరుగుతున్నాను.

ఇంగెలా ఇంకోటి కూడా పట్టేసింది. "ఈ తోర్కెల్ గారు చేరినట్టు ఎక్కడా లేదే. ఎవరు చేర్చారు?"

"నేనే."

"ఆయన్ని అడిగారా?"

"తమ్ముణ్ణి అడిగేదేంటి?"

"తమ్ముడైనా అడగాలి. చట్టం సంగతి అలా ఉంచండి, అడక్కుండా ఉత్తరం పంపితే అది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళినట్టే."

ఆ మాట నాకు తగిలింది. నిజమే, నువ్వు వెళ్ళిన వారానికే నీ సొంత ఈమెయిల్‌ను నేనే జాబితాలో పెట్టేశాను. ఆవిడ కన్నుగప్పి సోమవారం తర్వాత మళ్ళీ పెట్టగలను. పెట్టను. ఈసారి నిన్ను అడుగుతున్నాను, అదీ కాగితం మీద. ఇది తెరిచావో లేదో నాకు ఏ కంప్యూటరూ చెప్పదు. నన్ను నేను మోసం చేసుకోవడానికి వీలుండదు.

అడగాలంటే ముందు ఒకటి ఒప్పుకోవాలి. ఇంతసేపూ దాని చుట్టూ తిరుగుతున్నాను.

నాన్న పోయిన వారం నీ బదులు వార్తాలేఖ నేనే పంపాను. పైన నాన్న ఫోటో, ఆయన యాభై ఏళ్ళు అంటుకట్టిన చేతుల గురించి నాలుగు వాక్యాలు. కింద పచ్చ బటన్, ఈ వారం మొక్కలన్నిటి మీద ఇరవై శాతం తగ్గింపు. నువ్వు వంటింట్లో ఫోను నా ముందు పెట్టి, "నాన్న చావు కింద చెట్లమ్మావా అక్కా?" అన్నావు. నేను, "పాత నమూనాలో ఉండిపోయిందిరా, చూసుకోలేదు" అన్నాను. నువ్వు నమ్మలేదు, ఫోను తీసి జేబులో పెట్టుకున్నావు. ఆ తర్వాతే సామాను సర్దుకున్నావు.

చూసుకున్నానురా. పంపేముందు నాకు నేనే ఒకటి పంపుకుని రెండుసార్లు చదివాను. ఆ బటన్ కనబడింది. తీసేయబోయాను. ఇవాళ అందరూ తెరుస్తారు, ఇంతమంది మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు అనిపించింది. వేలు వెనక్కి తీసుకున్నాను. ఆ రోజు మొక్కలన్నీ అమ్ముడుపోయాయి, ఆ అట్టపెట్టెలు కడుతున్నప్పుడే నాకు సిగ్గేసింది. నీతో అబద్ధమాడినందుకు ఇంకా ఎక్కువ సిగ్గేసింది. నువ్వు వెళ్ళింది ఆ బటన్ వల్ల కాదనీ, నా అబద్ధం వల్లననీ నాకు అప్పుడే తెలుసు. ఒప్పుకోవడానికే ఇన్నాళ్ళు పట్టింది. తప్పు చేశాను తమ్ముడూ. నాన్నకు చేశాను, నీకూ చేశాను.

నువ్వు బటన్ నొక్కకపోతే నాకు అర్థమవుతుంది. వచ్చే సోమవారం నేనే నీ పేరు కొట్టేస్తాను. పుట్టినరోజు కార్డు చూసి ఆశపడకూడదని కూడా నాకు నేను చెప్పుకుంటున్నాను. అరవయ్యో పుట్టినరోజుకు ఎవరైనా పంపుతారు, మర్యాదకు మూడు ప్రశ్నలు ఎవరైనా అడుగుతారు.

ఇక్కడిదాకా రాసి, కవరు మీద నీ అడ్రసు కోసం కార్డు మళ్ళీ తీశాను. తీసి చదివి, కవరు పక్కన పెట్టి మళ్ళీ కలం పట్టుకున్నాను.

మాల్వినా కాలు నయమైందా అని అడిగావు. నేనేమో పైన నయమైందని రాసేశాను. కొట్టుకొచ్చే ప్రతివాళ్ళూ అదే అడుగుతారు, అదే చెప్పి చెప్పి నోటికి అలవాటైపోయింది, నీకూ అలాగే రాసేశాను. ఒరేయ్ తోర్కెల్, మనింట్లో పెద్దబాతు ఎక్కడిదిరా? నువ్వున్నప్పుడూ లేదు, నువ్వు వెళ్ళాకా లేదు. జనం ఉత్తరం తెరవాలని, ఉత్తరంలో నవ్వుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని నేను పుట్టించాను దాన్ని. దాని కాలు బెణికింది మొన్న సెప్టెంబరులో, గురువారం ఉత్తరంలో, అదీ చివరి పేరాలో. నీకు అప్పుడప్పుడు ఫోను చేసే అత్త చెప్పిందేమో అనుకుందామంటే అత్తకు ఈమెయిలే లేదు. గోడ పక్క చెట్టు తెగులూ అందులో రాసిందే. నా మోకాలూ అంతే.

చివరి పేరాదాకా చదువుతున్నావన్నమాట.

బటన్ నొక్కినా సరే, నొక్కకపోయినా సరే. బాతు సంగతి మాత్రం బిర్గిత్‌కు చెప్పకు.

ఇట్లు,
బాతు లేని నీ అక్క,
గున్వోర్