మిగతా రెండూ అంతే

జూన్ 3, సోమవారం

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఈరోజు ఒక షీట్‌లో మూడు టైటిల్ బ్లాకులు ఇమిడ్చాను. నడుం పడిపోయింది.

ఆసుపత్రి వెనకవైపు పెట్టే ఇనుప మెట్ల డ్రాయింగ్ ఇది. మెట్లు ఒక్కటే, కానీ షీట్ కింద వివరాలు రాసే గడి, ఆ టైటిల్ బ్లాక్, ఎవరిది వాళ్ళకి ఉండాలట. ఎవరి పేరు వాళ్ళది, ఎవరి నంబరు వాళ్ళది. ఆసుపత్రి వాళ్ళకొకటి, ఆర్కిటెక్ట్‌కొకటి, గీసే మా ఆఫీసుకొకటి. ఒక్కరూ తగ్గరు. తన బ్లాక్ కుడివైపు కింది మూలనే ఉండాలని ఆర్కిటెక్ట్ రెండుసార్లు ఫోన్ చేశాడు. షీట్ మడిచాక పైకి కనబడేది ఆ మూలే కదా, అదీ ఆయన బాధ.

మూడింటినీ షీట్ ప్రాపర్టీస్‌కి లింక్ చేశాను. డ్రాయింగ్ మారినప్పుడల్లా పెరిగే రివిజన్ నంబరుని ఒకచోట మారిస్తే మూడుచోట్లా మారుతుంది. మేనేజర్ చూసి బాగుందన్నాడు. నాకూ బాగుందనే అనిపించింది. ఇలాంటి రోజుల్లో లోపల కాస్త ఎగురుతాను. బయటికి మాత్రం ఏమీ ఎరగనట్టు టీ తాగుతాను.

రివిజన్ 2, మెట్లు తయారుచేసే వర్క్‌షాప్‌కి వెళ్ళింది.

జూన్ 5, బుధవారం

ఆర్కిటెక్ట్ లోగో మార్చుకున్నాడు. నా ఫైల్ తీసుకుని, తన బ్లాక్ తనే సర్దుకుని తిరిగి పంపాడు. పనొకటి తప్పిందనుకున్నాను.

జూన్ 10, సోమవారం

ఆసుపత్రి వాళ్ళు మెట్ల మలుపు దగ్గర లాండింగ్ పెంచమన్నారు. 1200 మిల్లీమీటర్లు కాదు, 1500 కావాలట. 1200లో స్ట్రెచర్ తిరగదు. నిజమే. మార్చాను. రివిజన్ 3.

మధ్యాహ్నం మాస్టారి దగ్గరికి చెకింగ్‌కి పట్టుకెళ్ళాను. ఆఫీసులో అందరూ ఆయన్ని ఎర్రపెన్ను అంటారు, వెనక. నాకు మాత్రం మాస్టారే. ఇరవై రెండేళ్ళ కిందట డ్రాయింగ్ బోర్డు మీద నాకు గీత గీయడం నేర్పింది ఆయనే. ఇప్పటికీ మా పద్ధతి అదే. నేను గీస్తాను, ఆయన చూస్తారు. ‘చెక్డ్ బై’ గడిలో ఆయన పొడి అక్షరాలు పడితేనే షీట్ గడప దాటుతుంది. గీసినవాళ్ళే చెక్ చేయడం మా దగ్గర కుదరదు.

ఆయన టైటిల్ బ్లాక్‌తో మొదలుపెడతారు. మొహం చూడకుండా మనిషితో మాట్లాడతామా అంటారు. నేను చేరిన కొత్తలో నాచేత పైకి చదివించేవారు. ఏడాది నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. నలభై ఆరేళ్ళదాన్ని, బడిపిల్లలా ఆయన టేబుల్ పక్కన నిలబడి అప్పజెప్పడం. ఒళ్ళు మండుతుంది. ఈరోజు మా బ్లాక్ ఒక్కటీ చదివి, మిగతా రెండూ అంతే అన్నాను. లింక్ చేసింది నేనే కదా.

సరేనమ్మా అని పెన్ను తీసి పొడి అక్షరాలు వేశారు. సాయంత్రానికి షీట్ వర్క్‌షాప్‌కి వెళ్ళిపోయింది.

జూన్ 13, గురువారం

ఇంట్లో అత్తయ్య రోజూ పొద్దున్నే మా పాపచేత పేపరు పైకి చదివిస్తోంది. పిల్లకి ఉచ్చారణ బాగుపడుతుందట. పేపరువాడి సైకిల్ బెల్లు వినపడగానే పిల్ల బాత్రూంలో దూరి గడియ పెట్టుకుంటోంది.

జూన్ 18, మంగళవారం, ఉదయం 11

వర్క్‌షాప్ ఫోర్‌మన్ ఫోన్ చేశాడు. ఏదో బోల్టు గురించి. మాటల్లో లాండింగ్ 1200 అన్నాడు. 1500 అన్నాను. 1200 అన్నాడు. రివిజన్ 3 చూడవయ్యా అంటే, తన దగ్గర 2 తప్ప ఏమీ లేదన్నాడు. పోయిన వారం ఇంకో కాపీ వచ్చిందట, అదీ 2 అనే ఉంటే, ఉన్నదే మళ్ళీ పంపారనుకుని విప్పకుండా పక్కన పెట్టేశాడట.

ఫైల్ తెరిచాను. మా బ్లాక్‌లో 3. ఆసుపత్రి వాళ్ళ బ్లాక్‌లో 3. కుడివైపు కింది మూల, ఆర్కిటెక్ట్ బ్లాక్‌లో 2. దానిమీద క్లిక్ చేస్తే లింకూ లేదు, గింకూ లేదు. లోగో మార్చేటప్పుడు ఆ మహానుభావుడు బ్లాక్‌ని ఎక్స్‌ప్లోడ్ చేసి, ఉత్త అక్షరాలుగా వదిలేశాడు. ఇక ప్రపంచం తలకిందులైనా అది 2 గానే ఉంటుంది.

లాండింగ్ ప్లేట్లు రెండు అప్పటికే కోసేశారు. మిగతాది ఆపించాను. ఫోర్‌మన్ ఆ బోల్టు గురించి ఫోన్ చేయకపోతే మెట్లు నిలబడేవి, ఏదో ఒకరోజు ఒక స్ట్రెచర్ మలుపులో ఇరుక్కుపోయేది.

సాయంత్రం 4

చెక్ చేసిందెవరని మేనేజర్ అడిగాడు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, లింక్ తెంపింది ఆర్కిటెక్టండీ అన్నాను. తెగిందని పట్టుకోవడానికే కదా చెకింగ్ ఉన్నది అన్నాడు. న్యాయమే. మాస్టారు ఈరోజు సెలవు. రేపు ఆయన్ని అడుగుతాడట. ఇలాంటివే ఇంకెన్ని బయటికి వెళ్ళాయో అని గొణుక్కున్నాడు. మాస్టారికి రిటైర్‌మెంట్ ఇంకా పదినెలలుంది. ఈ ఒక్క షీట్‌తో పంపించేస్తారేమోనని భయంగా ఉంది.

నాకు అంతుపట్టనిది ఒకటే. కామా పోతే వాసన పట్టే మనిషి, మూలనున్న 2 ని ఎలా వదిలేశారు?

సాయంత్రం 7

అత్తయ్య మందుల రెండు స్ట్రిప్పులూ పక్కపక్కన పెట్టుకుని, వేళ్ళతో అంచులు తడిమి ఒకటి తీసుకుంది. ఏమిటత్తయ్యా అది అన్నాను. మొనదేలిన మూలలవి పొద్దుటివి, గుండ్రటి మూలలవి సాయంత్రానివి అంది, అదేదో పెద్ద విషయం కానట్టు. పేరు చదువుకోవచ్చుగా అంటే రెండో స్ట్రిప్పు డబ్బాలో పెట్టేసింది.

తర్వాత అంది: “కనబడితే పిల్లచేత పేపరెందుకు చదివిస్తాను?”

మందుకని తెచ్చిన నీళ్ళ గ్లాసు ఆమె చేతికిచ్చాను. రేపు అత్తయ్యకి కళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. కానీ ఆ క్షణం నా కళ్ళముందున్నది అత్తయ్య కాదు. ఏడాదిగా నాచేత చదివిస్తున్న మాస్టారు.

ఆయన వదిలేయలేదు. ఆయనకి కనబడలేదు. ఆయన విన్నారు. నేను చదవలేదు.

జూన్ 19, బుధవారం

అరగంట ముందే వెళ్ళాను. ఆయన అప్పటికే వచ్చి, ఆ షీట్ పరిచి, దానిమీదకి వంగి ఉన్నారు. ముక్కు కాగితానికి తగులుతోంది. ఫోర్‌మన్ ఆయనక్కూడా ఫోన్ చేశాడట.

నేనేమీ అడగలేదు. ఆయనే చెప్పారు. “గీతలు కనబడతాయమ్మా. అక్షరాలు కనబడవు. నువ్వు చదివితే నేను చూసినట్టే అనుకున్నాను.”

“నేను చదవలేదు మాస్టారూ. మిగతా రెండూ అంతే అన్నాను.”

కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది. షీట్ మెల్లగా మడిచారు. ఆర్కిటెక్ట్ కోరుకున్నట్టే ఆ మూల పైకొచ్చింది. అక్కడి 2 మీద బొటనవేలు పెట్టి తడిమారు. డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్ళారట, ఇది ఆపరేషన్‌తో పోయేది కాదన్నారట. ఇంట్లో కూడా చెప్పలేదు.

కప్పిపుచ్చే దారి ఒకటుంది, అబద్ధమెందుకు, నాకు తట్టింది కూడా. ఆర్కిటెక్ట్ తెంపాడు అన్నమాట నిన్న ఎలాగూ అనేశాను, అక్కడే ఆగిపోవచ్చు. ఆయన ఇలాగే చెక్ చేస్తూ ఉంటారు, నేను మూడూ చదువుతూ ఉంటాను. కానీ నేను గీసింది నేనే చదివి నేనే ఒప్పుకుంటే, ఆ గడిలో ఆయన పేరెందుకు? ఏడాదిగా జరిగింది అదే. నాకు తెలియకుండా నా పని నేనే చెక్ చేసుకున్నాను.

ఆయన లేచారు. నేనూ వెంట వెళ్ళాను. మేనేజర్‌కి ఆయన సంగతి ఆయన చెప్పారు, నా సంగతి నేను చెప్పాను. మేనేజర్ మా ఇద్దరినీ మార్చిమార్చి చూసి, ఇద్దరూ ఒకేసారి వచ్చి చెబితే నేనెవర్నని తిట్టనండీ అన్నాడు.

ఇక ఆయన చెక్ చేయరు. ఇకమీద చెకర్‌ని నేను. గీయడానికి వచ్చే నెల కొత్తవాళ్ళు వస్తారట. అందాకా ఏడాదిలో బయటికి వెళ్ళిన షీట్లన్నీ తిరగెయ్యాలి. మాస్టారు ఏం చేయాలో మేనేజర్ చెప్పలేదు. మాస్టారూ అడగలేదు.

జూన్ 20, గురువారం

ఎర్రపెన్నుల డబ్బా నా టేబుల్ మీద ఉంది. ఆయన పెట్టి వెళ్ళారు. ముట్టుకోబుద్ధి కాలేదు.

జూన్ 24, సోమవారం

నలభై ఒక్క షీట్లు. నేను చదువుతున్నాను, ఆయన వింటున్నారు. ఇంకో రెండు తప్పులు దొరికాయి, చిన్నవే. ఒకటి వినగానే ఆయనే పట్టుకున్నారు, ఆ నంబరు ఈ పనిది కాదమ్మా అని.

ఆర్కిటెక్ట్ బ్లాక్ మళ్ళీ లింక్ చేసి, ఇంకెవరూ కదపకుండా లేయర్ లాక్ చేశాను. చేతులు కాలాక ఆకులు.

జూన్ 27, గురువారం

పెద్ద లాండింగ్‌కి రెయిలింగ్ ఎలా బిగించాలో డీటెయిల్ డ్రాయింగ్ కావాలని ఫోర్‌మన్ ప్రాణం తీస్తున్నాడు. కొత్త మనిషి ఇంకా రాలేదు. నేను గీస్తే చెక్ చేసేవాళ్ళు లేరు. నేను చెక్ చేయాలంటే గీసేవాళ్ళు లేరు. మేనేజర్ తల పట్టుకున్నాడు.

మాస్టారు స్టోర్ రూంలోంచి పాత డ్రాయింగ్ బోర్డు తీయించారు. బూజు నేనే దులిపాను. టేబులంత కాగితం బిగించి, మెత్తటి పెన్సిల్‌తో ఫుల్ సైజులో మొదలుపెట్టారు. కొలతలకి వేలంత వేలంత అంకెలు. గీత మాత్రం అదే గీత. చూస్తూ ఉండిపోయాను. ఇరవై రెండేళ్ళు వెనక్కి వెళ్ళాననను కానీ, ఏడుపొచ్చింది.

జూలై 1, సోమవారం

ఆయన పెన్సిల్ బొమ్మని స్కాన్ చేసి, ఉన్నదున్నట్టుగా షీట్‌లో పెట్టాను. డ్రాన్ బై, మాస్టారు. చెక్డ్ బై, నేను.

ఒక తప్పు దొరికింది. ఆయన ఎర్రపెన్నుతోనే చుట్టాను.

మూడు బ్లాకులూ పైకి చదివాను. ఆయన నా టేబుల్ పక్కన నిలబడి విన్నారు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.