కార్వాన్ కాంతామణికి పట్టిన దీర్ఘం

సైదాబాద్, 3 మార్చి 1941

గుండయ్యకు, ఆశీర్వదించాలా వద్దా అని ఇంకా తేల్చుకోని సోమశేఖర్ వ్రాయునది.

ఇరవై తొమ్మిదేళ్ల కిందట నా నవల "కార్వాన్ కాంతామణి" తొలి ప్రతి నీ చేతిలో పెడితే, "దసరాలోపల చదివి చెప్త అన్నా" అని నీ దుకాణంలోని బెల్లం దిమ్మె మీద చెయ్యి వేసి మాట ఇచ్చావు. తరవాత ఇరవై తొమ్మిది దసరాలు వచ్చి వెళ్లాయి.

నీ దుకాణం మేడ మీది పఠనాలయంలో ఉగాదిలోగా ఎవరూ తీసుకోని పుస్తకాలను పొట్లాలకు చింపుతావని విన్నాను. నా కాంతామణి కందిపప్పు మోయడానికి పుట్టలేదు. ఈ కాలపు జనం హత్యలకూ సొరంగాలకూ ఎగబడుతున్నారు. ఒకడు ఏది చదివితే అందరికీ అదే కావాలి. మంచి పుస్తకం చెప్పే దిక్కు లేదు కనుక నేనే పదింటి జాబితా పంపుతున్నాను. "మన పుస్తకాలు" అని పేరు పెట్టి గోడకు తగిలించు. వినయం కొద్దీ నాది పదోదిగా వేశాను. నేను పోయేలోపు ఒక్క మనిషైనా నా నాలుగు వందల పన్నెండు పేజీలూ చివరిదాకా చదవాలి. వేరే కోరిక లేదు.

ఇట్లు,
సోమశేఖర్, రిటైరైన తెలుగు పంతులు

తా.క. మొదటి తొమ్మిదీ చచ్చు పుస్తకాలే. అవి చదివినవాడికి నాది అమృతంలా ఉంటుంది.

నయాపూల్, 7 మార్చి

సోమన్నకు గుండయ్య దండాలు.

నీ జాబితా ముట్టింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. పక్కోని పుస్తకం వద్దనుడు ఎవడైన చేస్తడు, సొంత పుస్తకం గూడ వద్దనాల్నంటే గుండె ఉండాలె. పెయింటర్ మైసయ్యతోని ఎర్రరంగుల పెద్ద బోర్డు రాయించిన: "మనా పుస్తకాలు". మనా అంటే చదవొద్దని సర్కారు ఉర్దూ గద, అందరికి తెలుస్తది. పదింటిని అలమార్ల పెట్టి తాళమేసిన. నువ్వేం ఫికర్ చెయ్యకు.

నీ తమ్ముడు గుండయ్య

తా.క. నీ పుస్తకం ఇన్నొద్దులు కిటికి కొట్టుకోకుంట అడ్డం పెట్టినం. ఇప్పుడు కిటికి మస్తు లొల్లి చేస్తున్నది.

సైదాబాద్, 9 మార్చి

ఓరి గుండయ్యా! ఈసారి ఆశీర్వాదం లేదు.

నేను రాసింది "మన". అంటే మనవి, మనందరివి! నువ్వు చదివింది "మనా". తలకట్టును దీర్ఘం చేసి నా గొంతు కోశావు. ముప్పై ఏళ్లు పిల్లలకు దస్తూరి నేర్పినవాడి అక్షరం చదవడం కూడా రాలేదా? వెంటనే బోర్డు దించు. తాళం తియ్యి.

కోపంతో,
సోమశేఖర్

తా.క. జాబితా చిత్తుప్రతి ఇప్పుడే చూశాను. తలకట్టు కొంచెం సాగిన మాట నిజమే. నీ దగ్గరున్నది ఎవరికీ చూపించకు.

నయాపూల్, 14 మార్చి

సోమన్నకు, ఊపిరి తీసుకునే సందు లేని గుండయ్య దండాలు.

బోర్డు దించ. దించితే జనం నన్ను మూసీల ఎత్తేస్తరు! దుకాణం ముంగట పొద్దుగాల్నుంచి లైను. కచేరీ గుమాస్తాలు గూడ వచ్చి "సేట్, ఆ మనా పుస్తకం నా పేరు మీద రాయి" అంటున్నరు. తొమ్మిదింటిని తిప్పి చూసి పక్కకు పెట్టిండ్రు. "రాసినోడే వద్దన్నడంట, అండ్ల ఏముందో" అని అందరు కాంతామణి మీదనే పడ్డరు. నలభై మూడు పేర్లు! ఉన్నది ఒక్క ప్రతి. గందుకే బైండింగ్ విప్పి ఎనిమిది కట్టలు చేసిన. ఎవలికి ఏది దొరికితే అది. బండ్ల మొగులయ్యకు ఆరో కట్ట ముందు దొరికింది, కాంతామణి సచ్చిపోయిందని ఏడ్సిండు. నిన్న రెండో కట్ట అందితే, బతికే ఉన్నదని అందరికి మిఠాయి పంచిండు.

పాల బుచ్చమ్మ గూడ వచ్చింది. "నీకు చదువు రాదు గదనే" అంటే, "రాకుంటే ఏంది, నా కోడలు చదువుతది. చెడ్డ ముచ్చట కాడ ఆగుమంట, నేను మెల్లగ ఇంట" అన్నది.

నీ తమ్ముడు గుండయ్య

తా.క. ఇంతకు చెడ్డ ముచ్చట యాడున్నదన్నా? ఎవ్వలకు దొర్కలే. "ముంగటి కట్టల ఉన్నది" అని నేనే చెప్తున్న.

సైదాబాద్, 17 మార్చి

చిరంజీవి, ఆయుష్మంతుడు, సాహిత్యబంధువు గుండయ్యకు సోమశేఖర్ వెయ్యి ఆశీర్వాదాలు!

దీర్ఘం ఉంచు! ఇంకా లావుగా రాయించు! నలభై ముగ్గురా! జాబితాలో నాలుగో పుస్తకం రాసిన వైకుంఠం, ఇరవై ఏళ్లు సభల్లో నన్ను వెనక బల్ల మీద కూర్చోబెట్టాడు. వాడి పుస్తకానికి ఎన్ని పేర్లు పడ్డాయో రాయి. సున్నా అయితే రెండుసార్లు రాయి. ఏడో అధ్యాయంలో మూసీ మీద పదకొండు పేజీలు వెన్నెల కాయించాను కదా, ఏమంటున్నారు? చివరి పేజీకి ఎవరు చేరారు?

ఆత్రంతో,
సోమశేఖర్

తా.క. మంచం కింద అమ్ముడుపోక పడున్న నా ప్రతుల్లో ఒకటి మాయమైంది. మా రుక్మిణమ్మ మూడు రోజులుగా వంటింటి తలుపు వేసుకుంటోంది. పెళ్లయిన నలభై ఏళ్లలో నా రాత ముట్టని మనిషి! అన్నం మాడుతోంది. మాడిందే తింటున్నాను.

నయాపూల్, 22 మార్చి

సోమన్నకు, ఎట్ల చెప్పాల్నో తెల్వని గుండయ్య దండాలు.

నిన్న వదినె మినప్పప్పుకు వచ్చింది. లైను చూసి నవ్వింది. "గీ తొక్కులాట ఎందుకు నాయనా? నేను మొత్తం చదివిన. చెడ్డ ముచ్చట ఒక్కటి లేదు. పోయిన ముత్యాలదండ ఆఖరుకు అత్త పోపుల డబ్బల దొరుకుతది. అందరు ఏడ్సి కలిసిపోతరు. గంతే!" అన్నది.

మొగులయ్య కట్ట కింద పెట్టిండు. బుచ్చమ్మ, "పోపుల డబ్బ కోసం గిన్ని కాయితాలా? మా కోడలైతే గడియల ఎతుకుతది" అన్నది. అర్ధగంటల లైను ఖాళీ. ఇప్పుడందరు మళ్ల సొరంగాల కథ అడుగుతున్నరు. ఒక్కటి మాత్రం ఖరారు: నీ పుస్తకాన్ని పొట్లాలకు చింప. కట్టలన్ని మళ్ల కుట్టించిన.

నీ తమ్ముడు గుండయ్య

తా.క. వైకుంఠం పుస్తకానికి ఒక్క పేరు పడ్డది. వదినెది.

సైదాబాద్, 24 మార్చి

గుండయ్యకు సోమశేఖర్ ఆశీర్వదించి, నిజంగానే ఆశీర్వదించి, వ్రాయునది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఈ భూమ్మీద నా నాలుగు వందల పన్నెండు పేజీలూ చదివిన మనిషి ఒకరున్నారు! ఆ మనిషి చేతి చారు తాగుతూ ఎదురుగానే కూర్చున్నాను. "వెన్నెల ఎట్లుంది?" అని అడిగాను. "ఎక్కువ కాసింది. గాని మంచిగుంది. ఇంకొకటి రాయరాదు? ఈసారి వెన్నెల రెండు పేజీలు చాలు" అంది. వెంటనే కలం కడిగి సిరా పోశాను. అప్పుడే తొమ్మిది పేజీలయ్యాయి.

ఇట్లు,
సోమశేఖర్, నవలా రచయిత

తా.క. నిన్ను క్షమించాను. మైసయ్యను క్షమించాను. వైకుంఠం సంగతి ఆలోచిస్తాను. కాని చివరి పేజీ గుట్టు బజారులో విప్పి, చేతికొచ్చిన నలభై ముగ్గురు పాఠకులను చెదరగొట్టింది ఎవరని అడిగితే, కాటికి పోయేదాకా ఒకటే పేరు చెప్తాను: రుక్మిణమ్మ.