పలకని మూడో చెరువు

ఏలూరు, 2008 ఆగస్టు, గురువారం రాత్రి

పొద్దున్నే కలిదిండి నుంచి చేపల చెరువుల సత్యంగారు ఫోన్ చేశారు. "మూడో చెరువులో చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయండీ. మీ మెసేజ్ రాలేదని ధైర్యంగా పడుకున్నాను." వెంటనే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు వేశారు కాబట్టి చాలావరకు బతికాయి.

తప్పు నాదే. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే ఆయనకి మెసేజ్ పంపేది నా ప్రోగ్రామే. ఇదివరకు అది ఒక్కో చెరువు దగ్గరి మోడెమ్‌నీ వరసగా ఆక్సిజన్ ఎంతని అడిగేది. పోయిన నెల మార్చాను. ఇప్పుడు ఏ సాకెట్‌లో, అంటే ఏ చెరువు లైన్‌లో, కబురొస్తే దాన్నే చూస్తుంది, రాకపోతే నిద్రపోతుంది. కబురు రాకపోయినా ఎంతసేపటికి ప్రోగ్రామ్‌ని లేపాలో, నేను వాడుకున్న రెడీమేడ్ కోడ్ లైబ్రరీ చెబుతూనే ఉంది. ఆ టైమర్ పెట్టడం నేనే మరిచాను. నిన్న రాత్రి మూడో చెరువు లైన్ చప్పుడు లేకుండా తెగిపోయింది. కబురు లేదు కాబట్టి క్షేమమే అనుకుంది ప్రోగ్రామ్.

సాయంత్రం టైమర్ పెట్టాను. ఇంకేం మరిచానో తెలియదు. అందుకే సత్యంగారికి ఫోన్ చేసి, తెల్లవారుజామున చెరువుల మీదికి మనిషిని పంపమని బతిమాలాను.

"కాపలా మనిషిని మాన్పించేశానండీ," అన్నారాయన. "మీరున్నారు కదా."