ఆదివారం చొక్కా

శ్రీవారికి,

మూట అందింది. వ్యాను డ్రైవరు గుమ్మంలో పడేసి, మంచినీళ్లు తాగి వెళ్లాడు. మీరు సిమెంటు ఫ్యాక్టరీ వ్యానులో నెలనెలా మాసిన బట్టలు పంపడం, నేను ఉతికి, చిరుగులు కుట్టి, మధ్యలో ఉత్తరం పెట్టి తిప్పి పంపడం, ఇదేం కాపురమే అని మా అక్క ఒకటే నవ్వు. ఆసుపత్రిలో పొద్దస్తమానం దుప్పట్లు ఉతికి, ఇంటికొచ్చి మళ్లీ సిమెంటు ఉతుకుతున్నానట. నవ్వనివ్వండి. మీ మొహం కనపడకపోయినా మీ బట్టలు కనపడతాయి కదా అన్నాను.

వంటింటి కుళాయి మళ్లీ కారుతోంది. పిల్లకి బూట్లు కొన్నాను, ఒక సైజు పెద్దవి. ముందు దూది కుక్కాను. అది మొహం ముటముటలాడించి, "అన్నీ వచ్చే ఏడాదికే కొంటావు, ఈ ఏడాదికి ఏమీ కొనవా అమ్మా?" అంది. అచ్చం మీ నోరే వచ్చింది దానికి. మీకు బూడిద రంగు ఉన్ని జెర్సీ పెడుతున్నాను. మురికి కనపడదు, కాస్త వదులుగా కూడా ఉంది, లోపల ఎన్ని తొడుక్కున్నా పడుతుంది.

ఒక్క మాట అడగాలి. మీ ఆదివారం చొక్కా, ఆ నీలం గళ్లది, నేను పంపినట్టే తిరిగొచ్చింది. కాలరు కింద నేను పెట్టిన అట్టముక్క కూడా కదల్లేదు. పోయిన నెలా ఇంతే. పనిరోజుల బట్టలన్నీ మాసి వస్తున్నాయి, ఇదొక్కటే మడత నలగడం లేదు. ఆదివారాలు ఏం వేసుకుంటున్నారండీ?

మీ
ఇల్లాలు

*

ప్రియమైన నీకు,

ఆదివారం ఏముంటుంది? బనీనుతోనే పడి నిద్రపోతున్నాను. వారమంతా బాయిలరు పక్కన నిలబడ్డవాడికి అంతకన్నా ఏం కావాలి? చొక్కా వేసుకుని ఎవరికి చూపించాలి? గదిలో ఉండేది క్రేను ఆపరేటరు ఒక్కడు, వాడి గురకకి చొక్కా అక్కర్లేదు.

జెర్సీ బాగుంది. మరీ బాగుంది. అది వేసుకుని గోడ పక్కన నిలబడితే ఫోర్‌మన్ నన్ను చూడకుండా వచ్చి గుద్దుకున్నాడు. ఇక్కడ గోడలు, చెట్లు, మనుషులు, తినే పళ్లెం, అన్నీ బూడిద రంగే. నువ్వు సరిగ్గా కలిసే రంగే ఏరి పంపావు.

కుళాయికి పాత గుడ్డ పీలిక చుట్టి బిగించు, నేను వచ్చాక వాషర్ మారుస్తాను. పిల్ల బూట్లలో దూది తియ్యకు, పడిపోతుంది. నువ్వు వేళకి తిను. నీ చేతి మడత విప్పబుద్ధి కాక చొక్కా అలాగే ఉంచానని అనుకో.

నీ
బాయిలరు మనిషి

*

శ్రీవారికి,

తీపి మాటలు అందాయి. మూట కూడా అందింది.

ఈసారి ఆదివారం చొక్కా మాసింది. మోచేతుల దగ్గర సిమెంటు, ఎదురురొమ్ము మీద సిమెంటు. చూడగానే ప్రాణం లేచొచ్చింది. బకెట్లో పడెయ్యబోతూ, అలవాటు కొద్దీ కాలరు తిప్పాను. లోపలంతా తెల్లగా ఉంది. చంకల్లో చెమట వాసనే లేదు. మనిషి తొడుక్కున్న చొక్కాకి మురికి ముందు లోపలి నుంచి పడుతుందండీ. దీనికి పైనుంచి చల్లారు. దులిపితే సగం రాలిపోయింది కూడా. ఆ చల్లిందెవరో నేను అడగను.

అడిగేవి వేరే ఉన్నాయి. మీ రెండు బనీన్లకి తలకి రాసుకునే క్రీము వాసన వస్తోంది. మీరు తలకి నూనె కూడా రాయరు. మీ కర్చీఫుకి గోధుమ రంగు పాలిష్ అంటింది. నేను ఎరిగినంతలో మీకున్నవి నల్లబూట్లు, ఒకటే జత.

వ్యాను డ్రైవరుకి ఈసారి మంచినీళ్లతో సరిపెట్టకుండా టీ ఇచ్చాను. "అన్నగారు బాగున్నారా" అంటే "ఆయనకేం, ఆదివారం టౌనులో రాజాలా తిరుగుతారు" అని, అన్నాక నాలుక కరుచుకుని, టీ సగంలో వదిలేసి వ్యాను ఎక్కేశాడు.

బనీనుతో పడి నిద్రపోయే మనిషి టౌనులో రాజాలా ఎలా తిరుగుతాడో రాయండి. నేను తెలివితక్కువదాన్ని, నాకు అర్థమయ్యేలా రాయండి.

మీ
బట్టలుతికే మనిషి

*

మా ఇంటి పోలీసుకి,

బట్టలు ఉతకమని పంపుతున్నాను, పరీక్షలకి పంపడం లేదు. ఆ డ్రైవరు నోటికి తాళం లేదు, వాడి మాట పట్టుకుని నన్ను నిలదీస్తావా?

ఆదివారాలు డ్యూటీ పడుతోంది. బాయిలరు రిపేరు. నీకు చెబితే ఒళ్లు పాడవుతుందని గోల పెడతావని చెప్పలేదు. పాలిష్ మా గదిలోవాడిది, క్రీమూ వాడిదే. ఒకే తాడు మీద బట్టలు ఆరేసుకుంటాం, వాసన అటూ ఇటూ పోదా? చొక్కా సంగతి నాకు గుర్తు లేదు.

ఇన్నేళ్లు కాపురం చేశాక కూడా నా కాలరు తిప్పి చూడాల్సి వస్తే, ఇక నేను చెప్పేదేముంది? నమ్మితే నమ్ము, లేకపోతే నీ ఇష్టం. పిల్లని అడిగానని చెప్పు.

నీ భర్త

*

మీకు,

ఆదివారం బాయిలరు చల్లారుస్తారు. ఆ రోజు ఫ్యాక్టరీ మొత్తంలో గేటు కాపలావాడు తప్ప ఎవరూ ఉండరని మీరే చెప్పారు, అందుకే కదా ఆదివారాలు నాకు ఉత్తరాలు రాసుకుంటున్నానని కూడా చెప్పారు. అబద్ధం ఆడేముందు పాత నిజాలు ఒకసారి చూసుకోవాలి.

ఈ మూట విప్పిన చేత్తోనే కట్టేశాను. ఉతకలేదు. మీరు పంపినవి పంపినట్టే వస్తున్నాయి. ఆవిడెవరో గాని, క్రీము వాసన నచ్చినావిడకి సిమెంటు వాసన కూడా నచ్చుతుంది, ఉతికి పెట్టమనండి.

కోపంతో రాస్తున్నానని అనుకోకండి. కోపం పోయిన వారమే అయిపోయింది, ఇప్పుడు భయం వేస్తోంది. ఆసుపత్రిలో దుప్పట్లు మడుస్తూ మడుస్తూ చేతులు ఆగిపోతున్నాయి. పిల్లకి ఏమీ చెప్పలేదు. నాన్న బట్టలు ఎందుకు ఉతకలేదు అంటే సబ్బు అయిపోయిందన్నాను.

ఉంటే ఉందని రాయండి. ఆ ఒక్క మాట చాలు. దాన్నిబట్టి నా దారి నేను చూసుకుంటాను. మళ్లీ డ్యూటీ అని మాత్రం రాయకండి.

*

ప్రియమైన నీకు,

శనివారం నీ మూట వచ్చింది. విప్పగానే నా చెమట వాసన నాకే కొట్టింది. మంచం మీద అలాగే కూలబడ్డాను.

ఎవరూ లేరు. ఏ ఆడమనిషీ లేదు. మన పిల్ల మీద ఒట్టు. ఉన్నది ఒక సూటు.

నవ్వకు. నవ్వుతావనే ఇన్నాళ్లూ చెప్పలేదు. టౌనులో ఒక డ్రైక్లీనింగ్ షాపు ఉంది. వాళ్ల ఆవిరి యంత్రం చెడిపోతే పిలిచారు, బాగుచేశాను. అక్కడ గోడకి ఒక సూటు వేలాడుతోంది. మీగడ రంగు. ఎవరో కుట్టించుకుని, ఇస్త్రీకి ఇచ్చి, మళ్లీ రాలేదట. చాలా కాలంగా ఉందట. చేతులు తుడుచుకుని కోటు అంచు ముట్టుకున్నాను. షాపాయన నా మొహం చూసి, "వేసుకుని చూడు బాబూ" అన్నాడు. భుజాలు సరిగ్గా సరిపోయాయి. నా జన్మలో నాకు సరిపోయిన బట్ట అదే మొదటిది. నువ్వు కొనేవన్నీ నాకు కొంచెం పెద్దవే. తప్పని అనడం లేదు, చలికి, పనికి అవే మంచివి. కానీ అద్దంలో నన్ను చూసుకుని, నడుము ఇక్కడ ఉందన్నమాట అనుకున్నాను.

మజూరీ బదులు అది, దాని లోపలి తెల్లచొక్కాతో సహా ఇచ్చేశాడు. ఇక్కడికి తెస్తే ఒక్క పూటకి బూడిదవుతుంది, అందుకని షాపులోనే ఉంచాను. గోధుమ రంగు బూట్లు, తలకి క్రీము మా గదిలోవాడివి, అరువు. ఆదివారం వెళ్లి, వేసుకుని, పెద్ద రోడ్డు మీద చివరిదాకా నడుస్తాను. గుండ్రటి మెట్లున్న హోటల్లో ఒక కాఫీ తాగి, తిరిగొచ్చి విప్పేస్తాను. అంతే. ఎవరితోనూ మాట్లాడను కూడా, మాట్లాడితే బాయిలరు మనిషినని తెలిసిపోతుందని.

నీకు చెబితే "ఎక్కడికి వేసుకెళ్తారు?" అంటావు. ఎక్కడికీ కాదు. అది చెప్పలేకే చొక్కా మీద సిమెంటు చల్లాను. నీ దగ్గర అది నిలబడుతుందని ఎలా అనుకున్నానో.

మొన్న ఆదివారం వద్దనుకుంటూనే వెళ్లాను, ఇదే ఆఖరిసారి అని. హోటలు నుంచి వెళ్లిపోబోతుంటే ఎవరో పెద్దింటి ఆవిడ లోపలికి వస్తోంది, నీలం కోటు, తలకి స్కార్ఫు. తలుపు తీసి పట్టుకుని, రండి మేడమ్ అని మాత్రం అన్నాను. తల ఊపి లోపలికి వెళ్లింది. నన్నూ ఒక పెద్దమనిషి అనుకుంది. ఆ సంతోషంతో చాలనుకున్నాను. షాపాయనకి సూటు తిరిగిచ్చేస్తాను. నువ్వు బట్టలు ఉతకకపోయినా ఫరవాలేదు, ఉత్తరం మాత్రం ఆపకు.

నీ

*

శ్రీవారికి,

మీ ఉత్తరం పొద్దున వచ్చింది. అది రాకముందే నాకు మీ సూటు సంగతి తెలుసు.

మూట పంపాక మీ జవాబు వచ్చేదాకా ఆగలేకపోయాను. ఆదివారం పిల్లని అక్క దగ్గర వదిలి, ఎవరూ గుర్తుపట్టకుండా తలకి స్కార్ఫు చుట్టుకుని బస్సెక్కాను. ఆవిడని పట్టుకోవాలనే బయలుదేరాను. అయితే ముందురోజు నా బట్టలన్నీ మంచం మీద పరిచి చూస్తే, మట్టి రంగు, బొగ్గు రంగు, మురికి కనపడని రంగులన్నీ ఉన్నాయి. ఆవిడ ముందు వీటితో నిలబడితే, మీరు ఆవిడ దగ్గరికి ఎందుకు వెళ్లారో నాకే అర్థమైపోయేలా ఉంది. డ్యూటీకి వెళ్లే దారిలో ఒక షాపు అద్దంలో నీలం కోటు ఒకటి ఉండేది. రెండు చలికాలాలుగా దాని ముందు నడక నెమ్మది చేసేదాన్ని, లోపలికి ఎన్నడూ వెళ్లలేదు. శనివారం సాయంత్రం వెళ్లాను. ఒంటికి అతుక్కున్నట్టు ఉంది. వచ్చే ఏడాదికి పట్టదు. జేబులు ఉత్తుత్తివి. ఒక్క చినుకు పడితే మచ్చ పడుతుంది. కొనేశాను.

టౌనులో బస్సు దిగగానే ఎదురు పేవ్‌మెంటు మీద మిమ్మల్ని చూశాను. మొదట మీరు కాదనుకున్నాను. తల ఎత్తి, తొందర లేకుండా నడుస్తున్నారు. మన పెళ్లినాడు కూడా మీరు ఇంత బాగా లేరు. ఇంత ముస్తాబు ఎవరికోసమా అని వెనకే వచ్చాను. కాఫీ తాగడం కిటికీలోంచి చూశాను. ఎదుటి కుర్చీలోకి ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని నిలబడి కాళ్లు పీకాయి. ఎవరూ రాలేదు. మీరు లేస్తుంటే ఇక ఉండబట్టలేక, నలుగురి ముందే కడిగేద్దామని మెట్లెక్కాను.

మీరు తలుపు తీసి పట్టుకున్నారు. "రండి మేడమ్" అన్నారు. కోటు అంచు చూసి తల వంచారు. ఇన్నేళ్లలో నాకెప్పుడూ మీరు తలుపు తియ్యలేదు. నేను బుట్టలతో, బకెట్లతో మోచేత్తో తోసుకుని వచ్చేదాన్ని, మీరు లోపలి నుంచి "గాలి వస్తోంది, వెయ్యి" అనేవారు. తిట్టడానికి వచ్చినదాన్ని, పెద్దింటి ఆవిడలా తల ఊపి లోపలికి వెళ్లిపోయాను. మీరు తాగిన బల్ల దగ్గరే కూర్చుని కాఫీ తాగాను. సంతోషం వేసింది, ఏడుపూ వచ్చింది. నా మొగుడు ఎవరో ఆడదానికి అంత మర్యాద చేశాడని ఒళ్లు మండింది. ఆ ఆడది నేనేనని సర్దిచెప్పుకోవడానికి బస్సులో దారంతా పట్టింది.

సూటు తిరిగి ఇవ్వకండి. ఎక్కడికి వేసుకెళ్తారని నేను అడగను, ఈ కోటు ఎక్కడికని మీరూ నన్ను అడగొద్దు. మూట పంపండి, ఉతికి పంపుతాను, ఉతక్కుండా తిప్పి పంపిన పాతవాటినీ అందులో పెట్టెయ్యండి.

వచ్చే ఆదివారం వస్తున్నాను. బస్సు దగ్గరికి రాకండి, ఆ హోటల్లోనే ఉండండి. మెట్లెక్కి వస్తాను, తలుపు తియ్యండి. ఈసారి కోటు తర్వాత చూద్దురు గాని, ముందు మొహం చూడండి.

మీ
మేడమ్