అందరికీ ఒకే సంతకం

పామర్రు,
జనవరి 1975

ప్రియమైన తమ్ముడు శౌరయ్యకు అక్క తెరేసమ్మ దీవెనలు. ఇక్కడ అందరూ కులాసా, నేను తప్ప.

జూబిలీ యాత్రకి మా గుడి ఆడవాళ్ళం పదిమందిమి లూర్దు, రోమ్ వెళ్తున్నాం కదా. మిషను కుట్టి కూడబెట్టిన డబ్బుకి, పరదేశంలో నోట్ల బదులు చెల్లే ట్రావెలర్స్ చెక్కులు బ్యాంకులో తీసుకోవాలట. ఇచ్చినందుకు ఇక్కడ బ్యాంకువాడికి కమిషను, మార్చినప్పుడల్లా అక్కడివాడికి కమిషను. నా డబ్బు నేను ఖర్చుపెట్టుకుంటే మధ్యలో వీళ్ళెవరురా?

మీ బావ పోయేముందు తన జపమాల నా చేతిలో పెట్టి, రోమ్‌లో పేతురుగారి విగ్రహం పాదానికి ఒక్కసారి తాకించమన్నారు. అది అయ్యేదాకా నాకు మనసు నిలవదు. ఈ కమిషను తప్పే దారేదైనా చెప్పు.

నీ అక్క,
తెరేసమ్మ

తా.క.: నీ సలహా విని మా పక్కింటి ఆమోసు తన గేదెని మార్చుకున్నాడట. కొత్తది పాలివ్వదు, తన్నుతుందట. అయినా అడుగుతున్నాను.

వన్ టౌన్, విజయవాడ

అక్కయ్యకు తమ్ముడి నమస్కారాలు. నీ ఉత్తరం చదువుతూ తాళ్ళ కొట్టు తెరవడమే మర్చిపోయాను.

కమిషను మనిషికింత అని ఉంటుంది. పదిమందీ పదిసార్లు కట్టడమెందుకు? జట్టు నాయకురాలిగా అందరి చెక్కులూ నీ ఒక్కదాని పేర తీసుకో. అక్కడ డబ్బు మార్చే కౌంటర్ల గుమ్మం తొక్కొద్దు. సరుకు కొని, కొట్లోనే చెక్కు ఇచ్చెయ్. తీసుకునేటప్పుడు ఒక సంతకం, ఇచ్చేటప్పుడు రెండో సంతకం, అంతే. సంతకానికి కమిషను లేదు కదా!

శౌరయ్య

తా.క.: ఆమోసు గేదె నన్ను కూడా తన్నింది.

లూర్దు, ఫ్రాన్స్

ఒరేయ్ శౌరయ్యా,

దీవెనలు తర్వాత. ఎంత పని చేశావురా!

చెక్కులన్నీ నా పేర ఉన్నాయి కాబట్టి ఎవరేం కొన్నా నేను వెళ్ళి సంతకం పెట్టాలి. అమలమ్మకి కొవ్వొత్తి, సంపూర్ణమ్మకి గొడుగు, మాణిక్యానికి రోజుకో ఐస్‌క్రీమ్. మరియమ్మ తల్లి కనిపించిన గుహ చూద్దామని బయల్దేరితే దార్లోనే కొట్లోకి లాక్కుపోతున్నారు. ఇంత దూరం వచ్చి నేను చూసింది కొట్లే. గుహ కూడా మన గుణదల లాగే ఉంటుందని వాళ్ళు నాకు చెబుతున్నారు!

దారిలో ఊళ్ళన్నీ చూసుకుంటూ మూడు వారాలకి గానీ రోమ్ చేరం, ఉండేది రెండే రోజులు. అక్కడా ఇలాగే అయితే మీ బావకి ఏం ముఖం చూపించను? జపమాల కొంగుకి ముడేసుకుని తిరుగుతున్నాను. జవాబు రోమ్ మఠానికి రాయి. బస, భోజనం అక్కడే, వాటికి ముందే కట్టేశాం.

తెరేసమ్మ

తా.క.: నిన్న నేను స్నానం చేస్తుంటే మాణిక్యం ఒక కొట్టువాణ్ణి తీసుకొచ్చి తలుపు బయట నిలబెట్టింది. తల తుడుచుకుంటూ వచ్చి సంతకం పెట్టాను.

వన్ టౌన్

అక్కయ్యకు నమస్కారాలు.

ఇంతేనా! ఒకచోట కూర్చుని చెక్కులన్నిటి మీదా రెండో సంతకం కూడా ముందే పెట్టేసి, ఎవరివి వాళ్ళకి పంచెయ్. నువ్వు హాయిగా పేతురుగారి దగ్గరికి వెళ్ళు.

శౌరయ్య

తా.క.: ఇంత చిన్న సంగతి ఆ బ్యాంకువాళ్ళకి తట్టలేదు చూడు.

వన్ టౌన్, మర్నాడు

అక్కయ్యా! నిన్నటి ఉత్తరం చదవకు. చదివితే చించెయ్.

బ్యాంకు గుమాస్తా రామకోటేశ్వరరావుగారు బావి తాడు కోసం వస్తే గొప్పగా చెప్పాను. ఆయన తాడు పక్కన పెట్టి నవ్వుతూ కూర్చున్నారు. తమ ఎదురుగా చెయ్యని సంతకాన్ని ఏ కొట్టువాడూ ఒప్పుకోడట. ముందే చేసేస్తే అక్కడ ఒక్క చెక్కూ చెల్లదు. ఇంటికొచ్చాక నువ్వే అర్జీ పెట్టుకోవాలి, కమిషను కోసుకుని మిగతాది ఇస్తారట. నాకు అన్నం సయించడం లేదు. దణ్ణం పెడతాను, కలం ముట్టుకోకు!

శౌరయ్య

తా.క.: ముట్టుకుంటే మాత్రం నా పేరు చెప్పకు.

పామర్రు

నా బంగారు తమ్ముడికి అక్క నిండు మనసుతో దీవెనలు.

క్షేమంగా చేరాం. రోమ్‌లో ఒక్క చెక్కూ చెల్లలేదు. మొదటి కొట్టువాడు రెండు సంతకాలూ చూసి చేతులు తిప్పుతూ అరిచాడు. తక్కిన కొట్లవాళ్ళూ అంతే. ఆడవాళ్ళకి నా మీద ఎంత కోపమొచ్చిందంటే, నాతో మాట్లాడటం మానేశారు. ఎవరూ నన్ను పిలవలేదు, నా వెంట రాలేదు. ఒక్కదాన్నే నడిచి వెళ్ళాను. అందరూ తాకీ తాకీ ఆ కంచు పాదం అరిగిపోయి ఉంది. మీ బావ జపమాల దాని మీద పెట్టి, కరువుతీరా ఏడ్చాను. మర్నాడు కూడా వెళ్ళాను.

నీ రెండో ఉత్తరం చూసుకోక సంతకాలు పెట్టేశానని బాధపడకు. మేం రోమ్ చేరేసరికే నీ ఉత్తరాలు రెండూ మఠంలో ఉన్నాయి. రెండూ చదివాను. రెండోది రెండుసార్లు చదివి, అప్పుడు కూర్చుని అన్నిటి మీదా సంతకాలు పెట్టాను.

నీ అక్క,
తెరేసమ్మ

తా.క.: బ్యాంకువాడు కమిషను కోసుకున్నాడు. ఈ సలహా ఎవరిదని ఆడవాళ్ళు అడిగితే నీ పేరే చెప్పాను. ఆదివారం పూజ అవగానే తొమ్మిదిమందీ నీ కొట్టుకి బయల్దేరుతున్నారు. మాణిక్యానికి ఐస్‌క్రీమ్ తెప్పించి ఉంచు.