రాజమ్మ పేరున్న చరణం

ఆత్మకూర్ (ఎస్),
12-8-2010.

పిచ్చమ్మక్కకు భద్రమ్మ నమస్కారాలు.

నువ్వు నమ్మిన ప్రభువు, నేను మొక్కే లింగమంతుల స్వామి ఇద్దరూ నిన్ను చల్లగా చూడాలని కోరుకుంటూ రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. వానలు ఆలస్యమైనా నాట్లు మొదలయ్యాయి.

మొన్న మీ అరుణ ఫోన్ చేసింది. హైదరాబాద్ దవాఖానలో నీ గొంతుకు ఆపరేషన్ చేశారని, ఇక గుసగుసగా తప్ప మాట రాదని చెప్పింది. “అమ్మ నీ పాటల సీడీ రోజూ పెట్టించుకొని వింటది చిన్నమ్మా” అని కూడా అన్నది. ఆ మాట విన్నాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

సూర్యాపేట ఉపేందర్ బృందం పాత పాటలు, కథలు సీడీ చేస్తామని పోయినేడు మన ఊరికి వచ్చినప్పుడు మొదట అడిగింది నిన్నే. నాట్లల్ల ముందు పాట ఎత్తేది పిచ్చమ్మ అంట గదా, యాడుంటదని అడిగాడు. ఆమె యేసును నమ్ముకుంది, ముత్యాలమ్మకు మొక్కి మొదలయ్యే పాట ఇక పాడదని చెప్పాను.

అది అబద్ధం. బాప్తిస్మం తీసుకున్నాక కూడా, అరుణ దగ్గరికి కోదాడ వెళ్ళేదాకా, పదేళ్ళు నా పక్కన వంగి ఆ పాట ఎత్తావు. నేను వెనక అందుకునేదాన్ని. నీది గొర్రెపిల్ల గొంతే భద్రమ్మా, తల్లి ఎనక పోతెనే బాగుంటది అని ఎగతాళి చేసేదానివి. అందరితో పాటు నవ్వేదాన్ని. లోపల గుచ్చుకునేది. నువ్వు వస్తే నా గొంతు ఎవరికీ వినబడదనే అట్లా చెప్పాను.

సీడీ అట్ట మీద నా ఫోటో వేశారు. మిర్యాలగూడ సభలో శాలువా కప్పారు. ఇంటికి తెచ్చి దేవుని గూట్లో పెట్టాను, మళ్ళీ కప్పుకోలేదు.

వచ్చే నెల సూర్యాపేటలో మళ్ళీ పాడమంటున్నారు. నువ్వు పక్కన కూర్చుంటేనే పాడతానన్నాను. నేను పాట తప్పితే నాట్లలో గిచ్చినట్టు గిచ్చు. ఆదివారం నీ ప్రార్థన అయ్యే వేళకు కోదాడ వస్తాను. తలుపు తీయకపోయినా తప్పు పట్టను.

ఇట్లు,
నీ వెనక పాడిన
భద్రమ్మ

తా.క. సీడీలో చివరి చరణం లేదేమని దసరాకు ఫోనులో అడిగావు. జాగ చాలక వాళ్ళే కోశారని చెప్పాను. వాళ్ళు కోయలేదక్కా. పాట నేర్పినామె పేరు చెప్పి ముగించడం మన ఆనవాయితీ. అక్కడ మీ అమ్మ రాజమ్మ పేరు రావాలె. ఆ పేరు చెబితే ఎవరామె అని అడుగుతారు, అడిగి నీ దాకా వస్తారు. మా అమ్మ పేరు పెడదామంటే దేవుని భయం. మైకు ముందు ఆగి, పాట ఇంతేనన్నాను. ఇప్పుడు ఊళ్ళో అందరూ సీడీ విని అక్కడికే ఆపుతున్నారు. నిన్న నాట్లలో మీ అమ్మ పేరున్న చరణం ఎత్తాను. వెనక ఎవరూ అందుకోలేదు.